కమ్మీకి గుచ్చిన బిల్లు

మా కొట్లో గల్లాపెట్టె వెనక గోడకి ఒక ఇనప కమ్మీ వేలాడుతుండేది. అడుగున గుండ్రటి చెక్క బిళ్ళ, పైన కొక్కెంలా వంచిన కొన. డబ్బు కట్టేసిన చీటీలన్నీ నాయన దానికే గుచ్చేవాడు. కందుకూరు హోల్‌సేలు అంగడి బిల్లులు, ఆటో కూలి చీటీలు, కరెంటు బిల్లు, ఫోను బిల్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఇంకా కట్టనివి మాత్రం కమ్మీ దాకా వచ్చేవి కావు, చొక్కా జేబులోనే ఉండేవి. చొక్కా మారిస్తే ఆ చీటీ కూడా కొత్త చొక్కాలోకి మారేది. అమ్మ చొక్కాలు ఉతికే ముందు జేబులు వెతికేది డబ్బుల కోసం కాదు, బిల్లుల కోసం.

మాది కందుకూరు నుంచి పామూరు పోయే వైపు, మాలకొండకి దగ్గర్లో ఒక పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది. కొట్లో ఫోను ఉన్నన్నాళ్ళూ కందుకూరు 08598 కోడుతోనే ఉంది.

ఆ ఫోను 1996లో వచ్చింది. ఊరికి మూడోది. దరఖాస్తు పెట్టి, డిపాజిట్ కట్టి, ఎన్నాళ్ళు ఎదురుచూశామో నాకు గుర్తు లేదు గానీ, లైన్‌మన్ వచ్చి తీగ లాగిన రోజు అమ్మ ఆయనకి అన్నంలోకి గోంగూర పచ్చడి, నెయ్యి వేసి పెట్టడం బాగా గుర్తుంది. ఎర్ర రంగు ఫోను. బియ్యం బస్తాల పక్కన స్టూలు మీద పెట్టి, పైన అమ్మ కుట్టిన గుడ్డ కప్పారు. ఆ గుడ్డ తీసి ఫోను ఎత్తాలంటే ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా చెయ్యి తుడుచుకునేవాళ్ళు.

పేరుకే అది మా ఫోను. వాడకం వీధిదంతా. గల్ఫులో కొడుకున్న ముసలమ్మ, హైదరాబాదులో కూతురున్న టైలరు, పొగాకు రైతులు. వేలం రోజులొస్తే పొద్దున్నే రైతులు మా అరుగు మీద చేరేవాళ్ళు. కందుకూరు వేలం కేంద్రంలో నిన్న బ్రైటు గ్రేడు ఎంత పలికింది, లో గ్రేడు ఎవరైనా ముట్టుకుంటున్నారా, బేళ్ళు ఈ వారం తోలాలా ఆగాలా, అన్నీ ఆ ఫోను మీదే తేలేవి. నాయన ఎదురుగా కూర్చుని నోటు పుస్తకంలో రాసేవాడు: పేరు, ఏ ఊరికి, ఎన్ని నిమిషాలు. ఆ డబ్బు ఖాతాలో కలిసిపోయేది, కందిపప్పు రెండు కిలోల కింద, సబ్బుల పైన. ఇంటి ఫోనుని అలా వాడటం లెక్క ప్రకారం తప్పేనేమో. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

రాత్రి 11 దాటితే ఎస్టీడీకి పావు రేటు. అందుకని కొట్టు కట్టేసినా ఇంటి తలుపు కట్టే వీలుండేది కాదు. పదకొండుకి ఐదు నిమిషాలు ఉందనగా టైలరు మావ వచ్చి గడియారం కింద కూర్చునేవాడు. పెద్ద ముల్లు పన్నెండు మీదకి రాగానే లేచేవాడు. అవతల హైదరాబాదులో వాళ్ళ అల్లుడు నిద్రమొహంతో ఎత్తి ఏం అనుకునేవాడో!

బిల్లు రెండు నెలలకి ఒకసారి పోస్టులో వచ్చేది. అందులో మీటరు మొదట్లో ఎంత, ఆఖర్లో ఎంత, మొత్తం ఎన్ని కాల్స్, ఫ్రీ కాల్స్ పోగా ఎన్ని అని ఉండేది. ఆ రాత్రి నాయన తన నోటు పుస్తకం ముందేసుకుని లెక్క సరిచూసేవాడు. ఎప్పుడూ పూర్తిగా కుదిరేది కాదు. పది, పన్నెండు కాల్స్ తేడా వస్తే అమ్మ వైపు చూసేవాడు. అమ్మ వాళ్ళ చెల్లెలిది కనిగిరి. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

కట్టే విషయంలో నాయనకి సొంత తేదీ ఒకటి ఉండేది. బిల్లు మీద వేసిన ఆఖరు తేదీని ఆయన పట్టించుకునేవాడు కాదు. ప్రతి మంగళవారం సరుక్కి కందుకూరు పోవాలి. బిల్లు వచ్చాక మొదటి మంగళవారమే కట్టే రోజు. ముందు ఫోను బిల్లు కౌంటరు, తర్వాతే హోల్‌సేలు అంగడి. నేను ఒకసారి అడిగా, ఇంకా పన్నెండు రోజులు టైముంది గదా అని. "ఆఖరు రోజు పోతే క్యూలో తాలూకా మొత్తం ఉంటదిరా. అంగడికి పోయేసరికి మంచి బెల్లం అయిపోతది" అన్నాడు. ఆయన తొందరంతా బెల్లం కోసమే. నేను నిజాయితీ, క్రమశిక్షణ లాంటి మాటేదో వస్తుందనుకున్నా.

ఒక విచిత్రం చెప్పాలి. ఊళ్ళో సగం మంది మా కొట్టుకి బాకీ. పొగాకు అమ్మాక ఇస్తాం, శనగలు అమ్మాక ఇస్తాం అనేవాళ్ళు, నాయన తల ఊపేవాడు. తనకి రావాల్సింది ఏడాదికి వచ్చినా ఊరుకునే మనిషి, తను ఇవ్వాల్సింది వారం దాటనిచ్చేవాడు కాదు. దీని మీద అమ్మకీ ఆయనకీ జరిగిన గొడవలు రాస్తే అదే ఒక పుస్తకం.

1998 ఏప్రిల్‌లో నాయన మోకాలు వాచి మంచం దిగలేదు. నా పదో తరగతి పరీక్షలు అప్పుడే అయిపోయాయి. శనివారం పొద్దున బిల్లూ, ఏడువందల చిల్లరా నా చేతిలో పెట్టి కందుకూరు పంపాడు. "మాలకొండ స్వామి శనివారం ఒక్కరోజే దర్శనమిస్తాడు, ఈ కౌంటరు శనివారం మధ్యాహ్నం దాకే ఇస్తది. ముందు అక్కడికే పో" అని మరీ చెప్పాడు. నేనూ మా స్నేహితుడూ బస్సు దిగాం. ఎండ. సోడా తాగాం. అక్కడ వీడియో గేముల షాపు ఒకటి కొత్తగా పెట్టారు, కాసేపే అనుకుని లోపలికి పోయాం. బయటికొచ్చి కౌంటరు దగ్గరికి పోయేసరికి తలుపు వేసుంది.

సోమవారం కడదాంలే అనుకున్నా. ఇంటికొచ్చాక నాయన అడిగితే "కట్టేశా" అన్నా. రశీదేదిరా అంటే, ఏదో మిషను చెడిపోయింది, తర్వాత ఇస్తామన్నారు అని చెప్పా. నమ్మాడో లేదో తెలీదు. డబ్బులూ బిల్లూ నా సోషల్ పుస్తకంలో పెట్టా. సోమవారం క్రికెట్టు. మంగళవారం మేనమామ వచ్చాడు. తేదీ ఎప్పుడు దాటిపోయిందో నేను చూసుకోలేదు.

అప్పట్లో బిల్లు కట్టకపోతే ఫోను ఒక్కసారిగా మూగబోయేది కాదు. ముందు మనం చేసే దారి మూసేవాళ్ళు. బయటి నుంచి వచ్చేవి వస్తూనే ఉండేవి, అందుకని ఇంట్లోవాళ్ళకి కొన్నాళ్ళు అనుమానం కూడా రాదు. అప్పటికీ కట్టకపోతే వచ్చేవి కూడా ఆగిపోయేవి. మాది మొదటి మెట్టు దగ్గర దొరికింది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు రైతులు వేలం రేట్ల కోసం వచ్చి, ఫోను తిప్పి, ఏదో కూ కూ మంటాంది అన్నారు. నాయన మంచం మీద నుంచే నన్ను పిలిచాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఆ డబ్బులేయిరా?" అన్నాడు. సోషల్ పుస్తకం తెచ్చిచ్చా.

ఆ మోకాలుతోనే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. కౌంటరు దగ్గర తను దూరంగా బెంచీ మీద కూర్చుని నన్ను లైన్లో నిలబెట్టాడు. ఆలస్యమైనందుకు పడ్డ రుసుం నేను సంక్రాంతికి దాచుకున్న డబ్బుల్లోంచి కట్టించాడు. ఇంటికొచ్చాక ఆ రశీదుని కమ్మీకి గుచ్చాడు, అచ్చు ఉన్న వైపు బయటికి కనపడేలా. మిగతావన్నీ లోపలికి తిరిగి ఉండేవి. ఆ వారం పక్క ఊరికి బేళ్ళు తోలిన రైతు ఒకాయన రేటు తెలీక తక్కువకి ఇచ్చేశాడని విన్నా. అది మా ఫోను వల్లేనా అని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. ఆయన ఉన్నాడు, ఊరికి పోతే పలకరిస్తాడు.

డిగ్రీకి ఒంగోలు వచ్చాక బిల్లు కట్టే పని నాది అయింది. ఈసేవ కేంద్రాలు వచ్చాయి. హైదరాబాదులో 2001లో మొదలుపెట్టి జిల్లాలకి తెచ్చారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉండటం, ఒకే కౌంటరులో కరెంటూ ఫోనూ ఇంటి పన్నూ కట్టించుకోవడం అప్పటికి వింతే. నాయన ఉత్తరంలో బిల్లు ముక్క పెట్టి పంపేవాడు, నేను కట్టి రశీదు ఉత్తరంలో పెట్టి తిరిగి పంపేవాణ్ణి. మొదటి రశీదు చూసి ఆయన అడిగింది ఒకటే: "సంతకం లేదు, ఇది చెల్లుతదా?" రెండేళ్ళ తర్వాత ఇంకో సమస్య వచ్చింది. కొత్త మిషన్లలో వచ్చే నున్నటి కాగితం మీద అచ్చు ఆరునెలలకే వెలిసిపోయేది. కమ్మీ మీద తెల్ల కాగితాలు మిగిలేవి. అప్పటి నుంచి ప్రతి రశీదు వెనకా నాయన బాల్‌పెన్నుతో తేదీ, ఎంత, ఎవరు కట్టారు అని రాసి గుచ్చేవాడు. నేను ఇప్పటికీ ముఖ్యమైన రశీదుల్ని ఫొటో తీసి పెట్టుకుంటా. అలవాటు ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

ఉద్యోగం నెల్లూరులో దొరికింది. 2008లో మాగుంట లేఅవుట్‌లో ముగ్గురం కలిసి ఒక వాటా తీసుకుని బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాం. అప్పటి బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్లలో నెలకి ఇంత డేటా అని హద్దు ఉండేది, రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా మాత్రం ఎంత వాడినా లెక్కలోకి రాదు. ఇంకేం, రెండింటికి అలారం. లేచి సినిమాలు డౌన్‌లోడుకి పెట్టి పడుకునేవాళ్ళం. ఎనిమిదికి ముందే ఆపాలి. ఆదివారం ఎవడు లేస్తాడు? పదకొండింటికి లేచి చూస్తే అది దిగుతూనే ఉండేది. ఐదొందల బిల్లు రెండు వేలు దాటి వచ్చిన నెల ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. వంతు నాది. జీతం పడటానికి వారం ఉంది. టైలరు మావ గడియారం కింద కూర్చోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. పావు రేటు కోసం రాత్రి మేలుకునే జబ్బు మా ఊరి నుంచి నాతోపాటే నెల్లూరు వచ్చినట్టుంది.

అప్పుడు నేర్చుకున్న పని ఒకటి మాత్రం ఈనాటికీ వదల్లేదు. బిల్లు ఆఖరు తేదీని జీతం తర్వాతకి పడేలా మార్చమని అడగడం. కుదిరే చోట కుదిరింది, కుదరని చోట జీతం పడ్డ రోజే ఆ డబ్బు వేరే ఖాతాలోకి తోసెయ్యడం. చెక్కు రాసి డ్రాప్‌బాక్సులో వేసే రోజుల్లో కూడా అంతే, ఆఖరు రోజు వేస్తే అది బ్యాంకులో తేలేసరికి తేదీ దాటిపోయేది. నాలుగు రోజుల ముందు వేస్తే గొడవ లేదు. అంటే తిరిగి తిరిగి నాయన మంగళవారం దగ్గరికే వచ్చా.

తర్వాత ఫోన్లోనే కట్టే రోజులొచ్చాయి. 2016లో యూపీఐ, ఆ తర్వాత భారత్ బిల్ పే. ఇంకేముంది, బొటనవేలితో పని. 2018లో ఒక రాత్రి మంచం మీద పడుకునే మా ఊరి ఫోను బిల్లు కట్టి, కట్టేశా అని నాయనకి చెప్పా. పది రోజులకి ఆయన ఫోను చేసి "బిల్లు పడలేదంటరా" అన్నాడు. చూస్తే, నంబరు చివర రెండు అంకెలు తారుమారు. తెరమీద బిల్లుతోపాటు పేరు కూడా వస్తుంది, చదివితే తెలిసేది. నేను డబ్బు ఎంతో మాత్రమే చూశా. ఆ అంకె కూడా ఇంచుమించు మాదిలాగే ఉంది, నా ఖర్మ.

నేనైతే ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలా అని టెన్షన్ పడుతున్నా. నాయన ఏం చేశాడంటే, ఆ తప్పు నంబరుకే ఫోను చేశాడు. అవతల మా కోడులోనే ఉన్న ఇంకో పల్లెలో ఒక పెద్దాయన. "అయ్యా, మా వాడు పొరపాటున మీ బిల్లు కట్టాడు" అని మొదలుపెట్టి, మీది ఏ ఊరు, ఎవరి తాలూకు, పొగాకు ఎంత వేశారు దాకా పోయి, అరగంట మాట్లాడుకున్నారట. తర్వాతి శనివారం ఆయన మాలకొండ వస్తూ దారిలో మా కొట్టు దగ్గర దిగాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, టీ తాగి, తిరిగి పోతూ కొబ్బరి చిప్ప ఇచ్చి పోయాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఒకసారైనా వచ్చేవాడు. నాయన ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా "మా వాడు తప్పు కట్టబట్టి" అని నన్ను మెచ్చుకున్నట్టే చెప్పేవాడు.

2020లో నాయన పోయాడు. కొట్టు మూసేశాం. ఫోను అంతకు ముందు ఏడాదే తీసేయించాం, దాని మీద కాల్ చేసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అప్పటికే ఊళ్ళో కేబుల్‌వాళ్ళు నెట్ ఇస్తున్నారు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోను మూడూ అని మొదలుపెట్టినప్పటి నుంచి పల్లెల్లో ఈ మాట తెలిసింది. అమ్మ ఒక్కతే ఉంటుంది, రోజూ మొహం చూడొచ్చని ఇంటికి నెట్ పెట్టించా. డబ్బులు నా కార్డు నుంచి వాటంతటవే పోయేలా ఆటో పే పెట్టేశా. ఇంక ఏ తేదీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు అనుకున్నా.

2021 అక్టోబరులో ఒక ఆదివారం అమ్మకి వీడియో కాల్ కలవలేదు. ఫోను చేస్తే "టీవీ కూడా రావట్లా" అంది. సంగతేంటంటే, కార్డుల మీద వాటంతటవే పోయే చెల్లింపులకి రిజర్వు బ్యాంకు ఆ అక్టోబరు 1 నుంచి కొత్త పద్ధతి పెట్టింది. డబ్బు తీసే ఒకరోజు ముందు మనకి చెప్పాలి, పాత వాటికి మనం మళ్ళీ ఒకసారి సరేనని ఒప్పుకోవాలి. బ్యాంకు నెల ముందు నుంచే మెసేజీలు పంపింది. లోన్ల ప్రకటనల మధ్య ఒక్కటీ నేను చదవలేదు. సోషల్ పుస్తకంలో బిల్లు పెట్టి మర్చిపోయినవాణ్ణి, ఇరవై మూడేళ్ళకి అదే పని ఫోన్లో చేశా. అప్పుడు కనీసం అబద్ధం చెప్పానని తెలుసు.

వెంటనే కడతానన్నా. అమ్మ వద్దంది. "ఆ కేబులు పిల్లోడికి నేనే ఇస్తాలే. ఐదో తారీఖు వస్తాడు." ఆరునెలలది ఒకేసారి కట్టేస్తా, రొంత తగ్గుతుంది కూడా అని నచ్చజెప్పబోయా. వినలేదు. ఆరునెలలది కడితే ఆ పిల్లోడు ఆరునెలలు రాడు గదా అంది. ఎండలో బండి మీద వస్తాడట. మజ్జిగ తాగుతాడట. రిమోట్‌లో సెల్లులు మార్చి పోతాడట. అతను ఇచ్చే చిన్న రశీదు వెనక పెన్నుతో రాయించుకుంటుందట, తేదీ, ఎంత. అచ్చు నిలవదు గదా. కొట్టు మూసినప్పుడు కమ్మీని వంటింట్లోకి మార్చుకుంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు.

పోయిన నెల అమ్మకి ఎవడో ఫోను చేశాడు. మీ నెట్ బిల్లు పెండింగులో ఉంది, రాత్రికి కట్ చేస్తాం, వెంటనే ఈ లింకు నొక్కి పది రూపాయలు కట్టండి అని. ఈ రకం మోసాలు ఎన్ని చదివానో, ఎంతమందికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యమని చెప్పానో. అమ్మకి మాత్రం చెప్పడం మర్చిపోయా. అసలు ఈ సంగతి నాకు చెప్పింది కూడా మధ్యలో, మామిడికాయ ముక్కలు ఎండపెట్టిన సంగతి చెబుతూ.

"మరి నువ్వేమన్నావే?" అన్నా, గుండె దడదడలాడుతుంటే.

"ఏమంటా? ఉండు నాయనా అని వంటింట్లోకి పోయి చూసొచ్చా. కమ్మీకి ఉంది, ఐదో తారీఖుది. కట్టేశాం నాయనా, పిల్లోడి చేత్తో రాసిచ్చిన చీటీ కూడా ఉంది, కావాలంటే వచ్చి చూసుకో అన్నా. వాడే పెట్టేశాడు."

నేను ఏదో అనబోయా. అమ్మ ఆపింది.

"నువ్వు మళ్ళీ ఆ ఫోన్లో నొక్కి రెండోసారి కట్టబాక. ఈసారి పిల్లోడొస్తే ఇద్దామని మాగాయ తీసిపెట్టా."